సహపంక్తిలో సమభాగము

పదిమంది మిత్రులు కూడి హోటలునకు భోజనమునకు బోవుట నేడు మన నగరములందు విశేషము కాదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలోని ఉద్యోగులు నెలకొక పర్యాయమైనను అట్లు పోవుచునే యున్నారు. పోవుట మంచిదే. కలిసి తినుటకంటె మనుష్యులను దగ్గఱ చేర్చునది మఱొకటి లేదు. మంచిది కానిది భోజనానంతరమున జరుగు తంతు. ఎంగిలి పళ్లెములు తీసిన వెనుక, సోంపుగింజలతోగూడ తోలు అట్టలో బిల్లు బల్లమీదికి వచ్చును. ఎవరో యొకరు దానిని విప్పి చూచి, "మొత్తము ఆఱువేలు, మనము ఆఱుగురము, తలకు వేయి" అని తీర్పు చెప్పుదురు. అందఱును తలలూపి ఫోనులు తీయుదురు. తలయూపినవారిలో ఒకరిద్దఱి ముఖములు మాత్రము క్షణకాలము వెలవెలబోవును. దానిని గమనించువారు లేరు. గమనించినను పలుకువారు లేరు.

ఈ పద్ధతిని మనము సమభాగమందుము. దీనికి స్నేహమనియు, ఔదార్యమనియు, నాగరకత యనియు పేరులు పెట్టుచున్నాము. ఇది వానిలో నేదియు గాదని నా వాదము. తక్కువ తిన్నవానిచేత ఎక్కువ తిన్నవాని ఖర్చు కట్టించి, పైగా వానిని నోరు మెదపనీయకుండుట ఇందలి సారము. అంతకంటె ముఖ్యమైన మాట యింకొకటి కలదు. న్యాయమైన లెక్కను అడుగవలసిన భారము ఎవరిది? తక్కువ తిన్నవానిదని లోకము తలచుచున్నది. "అభ్యంతరమున్నచో చెప్పవచ్చును గదా" యనుచున్నది. ఆ భారము ఎక్కువ తిన్నవానిదే యని నేను చెప్పుచున్నాను.

ఒక లెక్క వేసి చూతము. ఆఱుగురు మిత్రులు ఒక బల్లచుట్టు కూర్చుండిరనుకొందము. వారిలో ఇద్దఱు పెద్ద యుద్యోగులు; మాంసపు వేపుళ్లును బిర్యానీయు తిని, మద్యము పుచ్చుకొనిరి; ఒక్కొక్కరిది 2100 రూపాయలు. మఱి యిద్దఱు కోడి బిర్యానీతోను చల్లని పానీయముతోను తృప్తి నొందిరి; ఒక్కొక్కరిది 600. ఐదవవాడు శాకాహారి, రొట్టెయు కూరయు తినెను, 400. ఆఱవవాడు క్రొత్తగా పనిలో చేరినవాడు, పెరుగన్నమును నిమ్మకాయ సోడాయు చాలుననెను, 200. లెక్క సులభమగుటకై పన్నులను ప్రక్కన బెట్టుదము. మొత్తము సరిగా 6000, తలకు 1000. ఇప్పుడు చూడుడు. 2100 రూపాయల భోజనము చేసిన యిద్దఱును చెరి 1100 మిగుల్చుకొనిరి. ఆ 2200 ఆకాశమునుండి రాలలేదు. బిర్యానీ తిన్న యిద్దఱు చెరి 400, శాకాహారి 600, పెరుగన్నము తిన్నవాడు 800 దానికి సమర్పించుకొనిరి. అందఱికంటె తక్కువ జీతము గలవాడు, అందఱికంటె తక్కువ తిన్నవాడు, అందఱికంటె ఎక్కువ దానము చేసెను. ఎవరికి? అందఱికంటె ఎక్కువ జీతము గలవారికి. సొమ్మొకరిది సోకొకరిది యను మన సామెత ఇంతకంటె చక్కగా మఱెచటను అన్వయింపదు.

మన పెద్దలలో పంక్తిభేదమను మాట యొకటి యుండెడిది. ఒకే బంతిలో కూర్చున్నవారిలో ఒకరికి గడ్డపెరుగును మఱొకరికి నీళ్లమజ్జిగయు వడ్డించుట పంక్తిభేదము. అది పాపమని వారెంచిరి. ఎవ్వరిని బంతిలోనికి రానీయవలెను, ఎవ్వరిని దూరముగా నుంచవలెను అను విషయమున అదే పెద్దలు పాటించిన ఘోరమైన భేదములను నేను మఱువలేదు. ఆ గోడలను కూల్చుటకే సంస్కర్తలు సహపంక్తి భోజనములను సాగించిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు జరిపించిన మొదటి వితంతు వివాహమునకు తోడ్పడినవారు సంఘ బహిష్కారమును ఎదుర్కొనవలసి వచ్చెను. ఒకరి ప్రక్కన ఒకరు కూర్చుండి తినుట అంత కష్టమైన కార్యముగా నుండెను. హోటళ్లలో సైతము కులమునుబట్టి వేఱు గదులుండిన కాలము కలదు. 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 15వ అధికరణము, సార్వజనిక భోజనశాలలలో ప్రవేశమునకు మతము గాని కులము గాని స్త్రీపురుష భేదము గాని అడ్డు రాగూడదని శాసించినది.

ఇంత పోరాడి సంపాదించుకొన్న బల్ల యిది. డబ్బు తక్కువైనవాడు ఆ బల్లవద్దకు రాలేని స్థితిని మనము బిల్లుద్వారా కల్పించినచో, వాకిట తొలగించిన భేదమును లోపల మరల ప్రవేశపెట్టినవారమగుదుము. వడ్డనలో భేదము పాపమైనచో చెల్లింపులో భేదము పుణ్యమెట్లగును? పాత పంక్తిభేదమున సమముగా కూర్చున్నవారికి విషమముగా వడ్డించిరి. క్రొత్త పంక్తిభేదమున విషమముగా తిన్నవారిచేత సమముగా కట్టించుచున్నారు.

ఇక ఆక్షేపణలు. "మిత్రుల నడుమ లెక్కలేల?" అనునది మొదటిది. వినుటకు ఇంపుగనే యున్నది. కాని ఆఱువేలను ఆఱుతో భాగించుట లెక్క కాదా? అదియు లెక్కయే, తప్పు లెక్క. లెక్క వలదనువాడు నిజముగా ఉదారుడైనచో "ఈపూట నేను కట్టెదను" అనవలెను. అతడట్లనడు, "అందఱము సమానముగా కట్టుదము" అనును. ఆ మాట యెవరి నోట తఱచుగా వచ్చునో కొంచెము పరీక్షించి చూడుడు. పెరుగన్నము తిన్నవాని నోట అది రాదు. వేపుళ్ల పళ్లెములు ముందుంచుకొన్నవాని నోట వచ్చును. తన లాభమునకు స్నేహమని పేరు పెట్టుట స్నేహమునకే అపచారము.

"ఈనాడొకరు ఎక్కువ తిందురు, రేపు మఱొకరు తిందురు, కాలక్రమమున సరిపోవును" అనునది రెండవ ఆక్షేపణ. ఆకలి మాఱును గాని అలవాటు మాఱదు. శాకాహారి యీ నెలయు శాకాహారియే, వచ్చు నెలయు శాకాహారియే. మద్యము ముట్టనివాడు సంక్రాంతికిని ముట్టడు, దీపావళికిని ముట్టడు. తక్కువ జీతము గలవాడు ఏ హోటలునకు బోయినను వంటకము పేరు చూడకమునుపే దాని ధరను చూచును. నెలకు 800 చొప్పున అతడు పరులకై కట్టినచో ఏడాదికి 9600 రూపాయలు. ఇది ఇటునటు ఊగి సరిపడు త్రాసు కాదు. ఒక్క దిక్కునకే సాగు ప్రవాహము. నీరు పల్లమెఱుగునందురు, ఈ సొమ్ము మాత్రము మెరకకే యెక్కుచున్నది.

సమభాగమువలన కలుగు మఱియొక హాని యేమనగా, అది అందఱి ఖర్చును పెంచును. ఆఱుగురి నడుమ ఒకడు 600 రూపాయల వంటకమును తెప్పించినచో వానికి తగులునది 100 మాత్రమే. తక్కిన 500 పరులది. ఒంటరిగా వచ్చినప్పుడు 600 ఇచ్చుటకు వెనుకాడువాడు, 100కే వచ్చుచున్నది గదా యని దానిని తెప్పించును. అది చూచిన రెండవవాడు "ఎట్లును నేనును కట్టవలసినదే గదా" యని తానొకటి తెప్పించును. మూడవవాడు వారి ననుసరించును. తుదకు ఎవ్వరికిని అక్కఱలేని పళ్లెములు బల్లనిండ చేరి సగము చెత్తబుట్ట పాలగును. ఇది నా యూహ మాత్రమే కాదు. ఉరి గ్నీజీ, ఎర్నాన్ హరూవి, హదాస్ యఫే యను పరిశోధకులు ఇజ్రాయెలు దేశమున ఒక హోటలులో దీనినే పరీక్షించి, ఫలితములను 2004లో ఎకనామిక్ జర్నల్ అను పత్రికయందు ప్రకటించిరి. ఆఱుగురేసి చొప్పున కూర్చుండబెట్టిన బల్లలలో, ఎవరిది వారే కట్టవలెనన్నప్పుడు సగటున ఒక్కొక్కరు 37.3 షెకెళ్ల ఆహారము తెప్పించిరి. సమముగా పంచుకొనవలెనన్నప్పుడు అది 50.9కి పెరిగెను. భోజనము ఉచితమన్నప్పుడు 82.3కి పోయెను. ఏ పద్ధతి మీకిష్టమని యడిగినప్పుడు నూటికి 80 మంది ఎవరిది వారు కట్టుటయే కోరిరి. అనగా నేమి? ఎక్కువమందికి ఇష్టము లేని పద్ధతియే, ఎవ్వరును ముందుగా వలదనకుండుటచేత, అందఱినెత్తినను కూర్చున్నది. ఆ బల్లలవద్ద కూర్చున్నవారు పరస్పరము అపరిచితులు. మిత్రులు కొంత సంకోచింతురేమో. కాని మిత్రుల సంకోచముమీద ఆధారపడిన పద్ధతి, సంకోచము గలవానిని శిక్షించి లేనివానికి బహుమానమిచ్చు పద్ధతియే గదా.

"పైసపైసకు లెక్క వేయుచు కూర్చుండుట శ్రమ, చూచువారికి అసహ్యము" అనునది మూడవ ఆక్షేపణ. చిల్లర దొరకని రోజులలో శ్రమయను మాటకు కొంత అర్థముండెను. 2016లో యూపీఐ వచ్చిన తరువాత, 207 రూపాయలైనను కూర్చున్న చోటినుండియే పంపవచ్చును. కూడికలు చేయు యంత్రము ప్రతివాని జేబులోను గలదు. పైగా ఈ శ్రమను గూర్చి విలపించువారిలో అనేకులు పగలంతయు దేశాంతరముల వర్తక సంస్థల లెక్కలను పైస పొరపాటు లేక నడపు ప్రజ్ఞావంతులు! అసహ్యమందురా, దానిని గూర్చి ఒక్క ప్రశ్న అడిగెదను. సంతలో కూరగాయలమ్ము ముసలమ్మతో ఐదురూపాయలకు బేరమాడుటకు మనకు సిగ్గులేదు. ఆటోవానితో పదిరూపాయలకు వాదించుటకు సిగ్గులేదు. మనతో సమానముగా కుర్చీవేసికొని కూర్చున్న మిత్రుని నెత్తిన 800 రూపాయల అన్యాయపు బరువు పడుచున్నప్పుడు దానిని సవరించుటకు మాత్రము సిగ్గు అడ్డము వచ్చునా? ఇది సిగ్గు కాదు, సౌకర్యము.

ఇందువలన పోవునది డబ్బు మాత్రమే యని తలచువారు ఆ ఆఱవవానిని గూర్చి ఆలోచింపవలెను. అతని జీతములో కొంత ఊరనున్న తల్లిదండ్రులకు పోవును. కొంత చదువునకై చేసిన అప్పునకు పోవును. మొదటి నెల అతడు వేయి రూపాయలు మాటలాడక కట్టును. రెండవ నెల "నేడు శనివారము, ఒంటిపూట" అని తప్పించుకొనును. మూడవ నెల పని యున్నదనును. నాల్గవ నెల అతనిని పిలువరు. "కుఱ్ఱవానికి కలుపుగోలుతనము లేదు" అని పేరు వచ్చును. అతనికి లేనిది కలుపుగోలుతనము కాదు. పరుల మద్యమునకు చెల్లించు స్తోమత. ఉద్యోగమున పెద్దల యెఱుక, సలహా, సహాయము ఇట్టి బల్లలవద్దనే తఱచుగా లభించుచుండును గనుక, ఆ కుర్చీని కోల్పోయినవాడు భోజనముతో బాటు ఇంకను ఎంతో కోల్పోవుచున్నాడు. బిల్లు సులభముగా తీఱినదని సంతోషించువారు, ఈసారి ఏ కుర్చీ ఖాళీగా నున్నదో యొక్కసారి చూచిన బాగుండును.

గృహస్థులకు ఈ సంగతి మఱొక రూపమున పరిచితమే. మూడు కుటుంబములు కలిసి భోజనమునకు బోయి "ఇంటికింత" అని పంచుకొనును. ఒక యింటివారు అవ్వాతాతలతో, పిల్లలతో ఏడుగురు. ఒక యింటివారు దంపతులిద్దఱే. మూడవది భర్తను కోల్పోయి, ఒక్క కుమారునితో సంసారము నీడ్చుకొను నామె. మూడిండ్లకును ఒక్కటే పాలు! ఆమె యేమి యనగలదు? అడిగినచో "పాపము, ఇబ్బందిలో నున్నది" అను జాలి. అడుగనిచో నెలాఖరున పాలవానికి బాకీ. జాలికిని బాకీకిని నడుమ నిలువబెట్టి, "ఆమె ఏమియు అనలేదు గదా" యని మనము సమాధానపడుచున్నాము. మఱియు సంపాదించు స్త్రీలు బల్లవద్ద ఎందఱున్నను బిల్లు పురుషుల ముందే పెట్టబడుచున్నది. తాను తిన్నదానికి తాను చెల్లించు హక్కును స్త్రీకి ఇచ్చుటయు ఈ సంస్కారములో నొక భాగమే.

సమభాగమును నిందించితినని, ఒక్కడే బిల్లు లాగికొని కట్టు డంబమును నేను పొగడుచున్నానని తలపవలదు. గల్లాపెట్టెవద్ద "నేనంటే నేను" అని ఇద్దఱు పెనగులాడుచుండ, మూడవవాడు సరిగా అదే సమయమునకు చేయి కడుగుకొనుటకు బోయి తిరిగిరాకుండుట మనమెఱుగని దృశ్యము కాదు. లాగికొన్నవాడు పదిమందిని ఋణగ్రస్తులను చేయును. వచ్చునెల తమవంతు వచ్చునని స్తోమత లేనివారు భయపడుదురు. పిలిచినవాడు "నేడు నేను పిలుచుచున్నాను, ఖర్చు నాది" యని ముందుగా చెప్పి పిలిచిన విందు వేఱు. అది ఆతిథ్యము, దానికి నా నమస్కారము. పిలువనిది, చెప్పనిది, ప్రదర్శనకై చేయునది ఆతిథ్యము కాదు.

సమభాగము తగిన చోట్లును గలవు. కార్తీకమాసపు వనభోజనమున అందఱును ఒకే వంట తిందురు. తలకింత చందా వేసికొనుట న్యాయమే. పెద్ద పళ్లెములో బిర్యానీ నుంచుకొని నలుగురును తిన్నచో నాలుగు పాళ్లు చేయుటయు న్యాయమే. ఎవడు రెండు ముద్దలు ఎక్కువ తినెనో, ఎవడు ఒక రొట్టెముక్క విడిచెనో యని కనిపెట్టి చూచుట పిసినారితనము. దానిని నేను కోరుట లేదు. ఇరువది ముప్పది రూపాయల తేడాను స్నేహము మ్రింగగలదు. అయిదింతల తేడాను మ్రింగుమని స్నేహమును పీడింపరాదు.

ఎవరిది వారు కట్టుట పరదేశపు ఆచారమని కొందఱందురు. ఇంగ్లీషువారు దానిని డచ్చివారి పేరుతో పిలుచుటయే వారి ఆధారము. జర్మనీ హోటళ్లలో బిల్లు తెచ్చునపుడు "కలిపియా, వేఱువేఱుగానా" యని సర్వరే యడుగుట సామాన్యము; అచటివారి స్నేహములు దానివలన చెడిపోలేదు. అయినను మనము అంత దూరము పోనక్కఱలేదు. మన భోజనహోటళ్లలో గల్లాపెట్టెవద్ద ముందుగా టోకెను కొని, ఎవరి యాకు ముందు వారు కూర్చుండి తినుట మనకు తెలియనిదా? టిఫినుబండివద్ద ఎవరి ఇడ్డెనలకు వారు డబ్బిచ్చుట తెలియనిదా? ఇరానీ టీదుకాణములో "వన్ బై టూ" చెప్పి ఒక కప్పు తేనీటిని ఇద్దఱు పంచుకొనినప్పుడు సగము సగమిచ్చుట తెలియనిదా? చిన్నదుకాణమున చిన్నవారికి సహజముగా తెలిసిన న్యాయము, చలువ గదిలోని పెద్దబల్లవద్ద మనకు మఱపు వచ్చుచున్నది.

ఆచరణమునకు కావలసినవి స్వల్పము. వంటకములను చెప్పుటకు ముందే "ఎవరి బిల్లు వారిది" యని సర్వరునకు చెప్పవలెను. తిన్న తరువాత చెప్పిన న్యాయము ఫిర్యాదువలె వినబడును. నడుమ నుంచుకొని తిన్నదానిని తిన్నవారే పంచుకొనవలెను. మద్యము త్రాగినవారు దాని ఖర్చును తామే భరింపవలెను. ఈ విషయమున చట్టమే మనకు దారి చూపినది: భోజనముపై పన్ను జీఎస్టీ, మద్యము జీఎస్టీలో లేదు, దానిపై పన్ను రాష్ట్రప్రభుత్వములది. పన్ను లెక్కయే వేఱైనప్పుడు పాళ్లు వేఱు చేయుటకు అడ్డమేమి? సామాన్యమైన హోటళ్లలో భోజనముపై 2017 నవంబరు 15వ తేదీనుండి పన్ను నూటికి 5 గనుక, ఎవరెంత తినిరో దానిపై అంత వేసికొనుట పసిపిల్లలును చేయగల లెక్క. సర్వీసు చార్జి యను పేర హోటలువారు తామే కలిపిన సొమ్మును బలవంతముగా వసూలు చేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4వ తేదీన మార్గదర్శకములు ప్రకటించెను. ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము 2025 మార్చిలో వానిని సమర్థించెను. సర్వరునకు సంతోషముగా నిచ్చునది వేఱు, మనల నడుగక కలిపినది వేఱు. మొగమాటముచేత నోరు మూసికొనుటవలన నష్టపోవుట ఇచటను అదే తీరు.

ఈ నియమములన్నిటికిని ప్రాణము వంటిది ఒక్కటే. మొదటి మాట బల్లవద్ద పెద్దవాని నోట రావలెను. జీతము పెద్దది గలవాడు, వయస్సు పెద్దది గలవాడు, ఆకలి పెద్దది గలవాడు ముందుగా "నేను ఎక్కువ తెప్పించుచున్నాను, నాది నేను కట్టెదను; మీరు మీకు వలసినది నిశ్చింతగా తినుడు" అనవలెను. ఆ మాటకు రూపాయి ఖర్చు లేదు. ఆ ఒక్కమాటతో పెరుగన్నము తినువాడు తల దించుకొనక తినగలడు. శాకాహారి మొగమాటము లేక కూర్చుండగలడు. ఇంటివద్ద లెక్క చెప్పుకొనవలసిన ఇల్లాలు దిగులు లేక నవ్వగలదు. అదే మాట చిన్నవాడు పలికినచో లోభియనిపించుకొనును. పెద్దవాడు పలికినచో మర్యాదస్థుడనిపించుకొనును. ఒకరికి నిందయు మఱొకరికి కీర్తియు తెచ్చు మాటను కీర్తి వచ్చువాడే పలుకుట ధర్మము గదా.

చదువరులారా, సంస్కరణమనగా సభలలో తీర్మానించు మహాకార్యములని మాత్రమే తలపవలదు. ఎవ్వరిని బాధింపక కలిసి తినగలుగుట సంఘమునకు తొలిపాఠము. వచ్చువారము మీరు మిత్రులతో భోజనమునకు బోవునపుడు, మీ పళ్లెము పెద్దదైనచో నోరు తెఱువుడు. ఎదుటివాడు అడుగువఱకు ఆగకుడు, అతడు అడుగడు. అతడు అడుగలేడని తెలిసియు ఆగుట, అతని జేబులో మన చేయి పెట్టుటయే.